బ్యాక్టీరియా ఒంటి మీద ఏం కప్పుకుందో ముందు చూడాలి

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం బీచ్ రోడ్డు మీద గాలి వదులుకుని, బ్యాక్టీరియా గురించి వినడానికి ఇంతమంది ఈ లైబ్రరీ హాలుకి వచ్చారంటే నాకు నిజంగా సంతోషంగా ఉంది. ముందు వరసలో స్కూలు పిల్లలు కూడా కనపడుతున్నారు. వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పడమే ఈ రోజు నా పని, ఎక్కడైనా నా మాట అర్థం కాకపోతే అక్కడికక్కడే చెయ్యెత్తండి.

నేను 30 ఏళ్ళకు పైగా మైక్రోబయాలజీ ల్యాబుల్లో పనిచేశాను, ఎక్కువ భాగం ఈ వైజాగ్‌లోనే. ఇన్నేళ్ళలో నాకు బలంగా కుదిరిన అభిప్రాయం ఒకటుంది. జబ్బు చేసే బ్యాక్టీరియా అనగానే మనందరం దాని లోపల ఏ విషం ఉందా అని ఆలోచిస్తాం, కానీ దాని జాతకం చాలావరకు పైపొర మీదే రాసి ఉంటుంది. అది మన ఒంట్లో ఎక్కడ అతుక్కోగలదు, తెల్లకణాల చేతికి చిక్కుతుందా లేదా, డాక్టరుగారు రాసిన మందు దాని లోపలికి పోతుందా, మనం పిల్లలకి వేయించే టీకా దాన్ని గుర్తుపడుతుందా, ఇవన్నీ తేలేది ఆ పొర దగ్గరే. ఆ పొర ఎంత మందం ఉంటుందనుకుంటున్నారు? బాగా మందంగా ఉన్న రకాల్లో కూడా మన తల వెంట్రుక మందంలో వెయ్యో వంతు.

ల్యాబులో మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా నేను చేసిన పని ఒకటుంది, గ్రామ్ స్టెయిన్. 1884లో బెర్లిన్‌లో హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ అనే డెన్మార్క్ డాక్టరు న్యుమోనియాతో చనిపోయినవాళ్ళ ఊపిరితిత్తుల ముక్కలు మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తున్నాడు. ఆ ముక్కల్లో బ్యాక్టీరియా విడిగా కనపడాలని ఊదా రంగు వేసి, అయోడిన్ పోసి, ఆల్కహాల్‌తో కడిగాడు. కొన్ని బ్యాక్టీరియా రంగుని పట్టి ఉంచుకున్నాయి, కొన్ని వదిలేశాయి. వదిలేసినవి కూడా కంటికి కనపడాలని తరవాతివాళ్ళు చివర్లో ఎర్ర రంగు ఒకటి జోడించారు, వాటికి అది గులాబీలా అంటుకుంటుంది. ఊదాగా ఉంటే గ్రామ్ పాజిటివ్, గులాబీగా ఉంటే గ్రామ్ నెగటివ్. ఎందుకలా జరుగుతోందో గ్రామ్‌కి తెలియదు, ఆ కారణం తెలియడానికి ఇంకా చాలా దశాబ్దాలు పట్టింది. మందపాటి నేతగుడ్డ అద్దకం రంగుని పట్టినట్టు మందపాటి గోడ ఉన్న బ్యాక్టీరియా రంగుని లోపల బిగించేసుకుంటుంది, పలచటి గోడ ఉన్నదాంట్లోంచి రంగు కారిపోతుంది. అంతే తేడా. కానీ ఈ నాటికీ ఐసీయూలో రోగి ఉన్నప్పుడు, కల్చర్ రిపోర్టుకి, అంటే బ్యాక్టీరియాని ప్లేటు మీద పెంచి చూసే పరీక్షకి, ఇంకా రెండు రోజులు పట్టేటప్పుడు, కొద్ది నిమిషాల్లో తయారయ్యే ఆ ఊదా గులాబీ రంగులు చూసే డాక్టర్లు మందు గురించి మొదటి ఆలోచన చేస్తారు.

ఈ గోడ దేనితో చేశారో చెప్తాను. పేరు పెప్టిడోగ్లైకాన్. పేరు మరిచిపోయినా పరవాలేదు గానీ నేత మాత్రం గుర్తుంచుకోండి. పడుగులో చక్కెర గొలుసులు, పేకలో చిన్న ప్రోటీన్ ముక్కలు. బ్యాక్టీరియా లోపల ఒత్తిడి చాలా ఎక్కువ, గ్రామ్ పాజిటివ్ రకాల్లో అది కారు టైరులో ఉండే ఒత్తిడికి సుమారు పది రెట్ల దాకా ఉంటుంది. ఈ నేత లేకపోతే అది ఆ క్షణంలోనే పగిలిపోతుంది. అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పేరు చెప్పగానే అందరికీ పెన్సిలిన్, 1928 గుర్తొస్తాయి. కానీ అంతకు ముందే, 1922లో, ఆయన ఇంకో విషయం బయటపెట్టాడు. జలుబు చేసినప్పుడు తన ముక్కు చీమిడినే బ్యాక్టీరియా పెరిగిన ప్లేటు మీద వేసి చూస్తే అక్కడ కొన్ని బ్యాక్టీరియా కరిగిపోయాయి. ఆ పదార్థం లైసోజైమ్, మన కన్నీళ్ళలో ఉంది, లాలాజలంలో ఉంది, తల్లిపాలలో ఉంది, కోడిగుడ్డు తెల్లసొనలో పుష్కలంగా ఉంది. అది ఆ నేతలో పడుగుని కోస్తుంది. పెన్సిలిన్ చేసే పని వేరు, పేక ముడులు పడకుండా ఆపుతుంది, దాంతో బ్యాక్టీరియా పెరుగుతూ కొత్త గోడ కట్టుకునే సమయానికి గోడ బలహీనపడి పగిలిపోతుంది. మన కణాలకి ఇలాంటి గోడే లేదు, అందుకే ఎలర్జీ లేనివాళ్ళకి పెన్సిలిన్ అంత సురక్షితమైన మందు అయింది. మనిషి వాడిన మందులన్నిటిలో నాకు చాలా గౌరవం ఉన్నది దానిమీదే.

ఇక గులాబీ రంగువాటి సంగతి. గోడ పలచన కదా, ఇవి బలహీనమైనవని అనుకుంటాం, కానీ ఆసుపత్రుల్లో మనల్ని ఎక్కువ ఏడిపించేవి ఇవే. ఆ పలచటి గోడ పైన వీటికి ఇంకో పొర ఉంటుంది, బయటి పొర. కొన్ని మందుల అణువులు మరీ పెద్దవి, వాంకోమైసిన్ లాంటివి, అవి ఈ బయటి పొరలోని సన్నటి రంధ్రాల్లోంచి పట్టవు. అందుకే అది ఊదా రంగువాటి మీదే పనిచేస్తుంది. ఈ బయటి పొర మీద లైపోపాలీశాకరైడ్ అని ఒక పదార్థం ఉంటుంది, కొవ్వు మొదలు, దాని పైన చక్కెర తోక. ల్యాబులో దీన్ని ఎల్‌పీఎస్ అంటాం, ఇంకో పేరు ఎండోటాక్సిన్. ఇది మన శరీరానికి ఒక ప్రమాద ఘంటిక. కొంచెం తగిలినా తెల్లకణాలు గుర్తుపట్టి జ్వరం పుట్టిస్తాయి, చలి, వణుకు. రక్తంలో మరీ ఎక్కువైతే బీపీ పడిపోయి ప్రాణం మీదకి వస్తుంది. కాబట్టి సెప్సిస్‌లో, అంటే ఇన్ఫెక్షన్ ముదిరి ఒళ్ళంతా దెబ్బతినే స్థితిలో, మనిషిని పడగొట్టేది బ్యాక్టీరియా ఒక్కటే అనుకోకండి, దాని చొక్కా చూసి మన శరీరం పడే ఆ కంగారు కూడా పడగొడుతుంది.

ఇందులో ఒక చిక్కు ఉంది. నీళ్ళు మరిగిస్తే బ్యాక్టీరియా చస్తుంది, కానీ దాని ఎల్‌పీఎస్ చావదు, అది ప్రాణి కాదు కదా. గాజుసామాను మీద దాన్ని పోగొట్టాలంటే 250 డిగ్రీల పొడి వేడిలో అరగంట ఉంచాలి. మరిగించిన నీళ్ళు తాగడానికి ఏ ఇబ్బందీ లేదు, దిగులు పడకండి, కానీ సెలైన్‌లోనో ఇంజెక్షన్‌లోనో చచ్చిన బ్యాక్టీరియా తుక్కు ఉన్నా రోగికి చలిజ్వరం వచ్చేస్తుంది. మీలో పరవాడ ఫార్మా సిటీలో పనిచేసేవాళ్ళు ఉంటే ఎండోటాక్సిన్ టెస్ట్ అనే మాట విని ఉంటారు. ఆ పరీక్ష ఎక్కడిది? గుర్రపు నాడా ఆకారంలో ఉండే హార్స్‌షూ క్రాబ్ నుంచి వచ్చింది, నీలం రంగు రక్తం ఉండే జీవి. పేరులో పీత ఉన్నా అది సాలీడుకి దగ్గర చుట్టం. గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియా తగిలితే దాని రక్తం గడ్డకట్టేస్తుందని 1956లో ఫ్రెడరిక్ బ్యాంగ్ అనే శాస్త్రవేత్త రాశాడు. అది అమెరికా తీరపు జాతి, దాని చుట్టాలు మన పక్కనే ఒడిశా, బెంగాల్ తీరాల్లో ఉన్నాయి. ఇప్పుడు ఆ రక్తం అవసరం లేకుండా ల్యాబులో తయారుచేసిన ప్రోటీన్‌తో అదే పరీక్ష చేసే పద్ధతి కూడా వచ్చింది, అది అన్నిచోట్లా వాడకంలోకి వచ్చి ఆ జీవాలు బతికిపోవాలని నా కోరిక.

సముద్రం మాట వచ్చింది కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుతాను, ఎందుకంటే నాకు ఈ సబ్జెక్టు మీద ప్రేమ పుట్టింది కలరా బ్యాక్టీరియా వల్ల. విబ్రియో కలరే మనిషి పేగులో పుట్టినది కాదు, అది నీళ్ళ జీవి, ఉప్పుటేరుల దగ్గర, నది సముద్రంలో కలిసేచోట బతుకుతుంది. మన ఫిషింగ్ హార్బర్‌లో రొయ్యలు ఒలిచేచోట పెంకు కుప్పలు చూసి ఉంటారు కదా, ఆ పెంకులో ఉండేది కైటిన్. నీళ్ళలో కంటికి చుక్కల్లా కనపడే చిన్నచిన్న ప్రాణులకి కూడా కైటిన్ పెంకే ఉంటుంది. విబ్రియో వాటి మీద అతుక్కుని కాలం గడుపుతుంది, ఆ పెంకే దానికి ఇల్లు, తిండి కూడా. అతుక్కోవడానికి దాని ఒంటి మీద ఉన్న సరంజామాలో ఒక ప్రోటీన్ ఉంది, అది కైటిన్‌లో ఉండే ఒక రకం చక్కెరని పట్టుకుంటుంది. అదే చక్కెర మన పేగు లోపలి జిగురులో కూడా ఉంది. అర్థమైందా? రొయ్య పెంకుని పట్టుకోవడానికి తయారైన చెయ్యి మన పేగుని కూడా పట్టుకుంటుంది. మనమీద కోపం, పగ ఏమీ లేవు దానికి, పెంకు లాంటిది తగిలింది, పట్టుకుంది.

ఈ సంగతి తెలిశాక బంగ్లాదేశ్‌లో ఒక పని చేశారు. రీటా కోల్వెల్ అనే శాస్త్రవేత్త బృందం అక్కడి పల్లెల్లో ఆడవాళ్ళకి పాత కాటన్ చీరని మడతల మీద మడతలు పెట్టి బిందె మూతికి కట్టి నీళ్ళు వడకట్టమని నేర్పించింది. చీర సందుల్లోంచి విడి బ్యాక్టీరియా సులువుగా దూరిపోతుంది, అంత చిన్నది అది. కానీ అది అతుక్కుని ఉన్న పెంకు ప్రాణి దూరలేదు. 2003లో ఫలితాలు అచ్చయ్యాయి, కలరా కేసులు సుమారు సగానికి తగ్గాయి. కొత్త చీర కన్నా పాత చీర మేలు, ఎందుకంటే ఉతికి ఉతికి దారం పొంగి సందులు ఇరుకవుతాయి. మన ఇళ్ళల్లో అమ్మమ్మలు బిందెకి గుడ్డ కట్టి నీళ్ళు పట్టేవాళ్ళు గుర్తుందా? మరిగించడానికి అది బదులు కాదు, వీలున్నవాళ్ళు మరిగించే తాగాలి. కానీ కట్టెలు కూడా దొరకని చోట బ్యాక్టీరియా దేన్ని పట్టుకుంటుందో తెలుసుకున్నందువల్ల ఒక పాత చీర కొన్ని ప్రాణాలు కాపాడింది.

కలరాలో నీళ్ళ విరేచనాలు అయ్యేది విషం వల్లేనని 1959లో కలకత్తాలో శంభునాథ్ డే రుజువు చేశారు, మన దేశపు గొప్ప శాస్త్రవేత్త, ఆయన పేరు మన పిల్లలకి పెద్దగా తెలియకపోవడం నాకు బాధ. అయితే ఆ విషం పనిచేయాలంటే బ్యాక్టీరియా పేగుకి దగ్గరగా గుంపు కట్టాలి, అందుకు దాని ఒంటి మీద సన్నటి నూగు లాంటివి ఉంటాయి, పైలై అంటారు. ఇంకో విచిత్రం 1996లో బయటపడింది. ఆ విషం తయారుచేసే జన్యువుని బ్యాక్టీరియాకి తెచ్చి ఇచ్చింది ఒక వైరస్, ఆ వైరస్ లోపలికి రావడానికి పట్టుకున్నది ఆ నూగునే. మనల్ని పట్టుకోవడానికి పెంచుకున్న వెంట్రుకే దానికి ఆయుధం తెచ్చిపెట్టిన దారి కూడా అయింది. దీని గురించి మొదటిసారి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

1992 చివర్లో ఇంకొకటి జరిగింది. మద్రాసులో మొదలై బెంగాల్, బంగ్లాదేశ్ దాకా కొత్త రకం కలరా వచ్చింది. అప్పటిదాకా కలరా మహమ్మారి అంటే ఓ1 అని పిలిచే రకమే. ఆ ప్రాంతాల్లో పెద్దవాళ్ళకి చిన్నప్పటి నుంచీ ఓ1 తగిలి తగిలి కొంత రక్షణ ఉండేది, జబ్బు ఎక్కువగా పిల్లలకి వచ్చేది. ఈసారి పెద్దవాళ్ళు వరసపెట్టి పడిపోయారు. చూస్తే బ్యాక్టీరియా దాదాపు పాతదే, ఎల్‌పీఎస్ తోకలో ఉండే చక్కెరలు మార్చుకుంది, పైన పలచటి తొడుగు కూడా ఒకటి వేసుకుంది. దానికి ఓ139 అని పేరు పెట్టారు. చొక్కా మార్చుకుని వచ్చిన మనిషిని వీధిలోవాళ్ళు గుర్తుపట్టలేకపోయినట్టు, మన యాంటీబాడీలు, అంటే జబ్బు చేసేవాటిని గుర్తుపట్టి అంటుకునే మన రక్తంలోని ప్రోటీన్లు, దాన్ని గుర్తుపట్టలేదు.

తొడుగు అన్నాను కదా, క్యాప్సూల్, దాని సంగతి చెప్తాను. చాలా బ్యాక్టీరియా గోడ పైన చక్కెర జిగురుతో ఒక తొడుగు వేసుకుంటాయి. ఇక్కడ వంట చేసేవాళ్ళందరికీ తీగ పాకం తెలుసు, అరిసెలకి, కజ్జికాయలకి, మన మాడుగుల హల్వాకి పాకం ఎంత ముఖ్యమో తెలుసు. రెండు వేళ్ళ మధ్య పాకం పెట్టి సాగదీసి తీగ వచ్చిందా అని చూస్తాం. ల్యాబులో క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియాకి నేను సరిగ్గా అదే పరీక్ష చేసేదాన్ని. ప్లేటు మీద పెరిగిన గుంపుని సన్నటి తీగతో తాకి పైకి లాగితే 5 మిల్లీమీటర్లకు మించి సాగిందంటే ఇది మందపాటి తొడుగు ఉన్న మొండి రకం కావచ్చు అని వార్డుకి కబురు చేసేవాళ్ళం. ఇలాంటి రకాలు కాలేయంలో చీముగడ్డలు చేస్తాయి, ముఖ్యంగా షుగర్ ఉన్నవాళ్ళల్లో.

ఈ తొడుగు వల్ల దానికి లాభం ఏమిటంటే, తెల్లకణం దాన్ని మింగుదామని పట్టుకుంటే కొరమీను చేతిలోంచి జారినట్టు జారిపోతుంది. చేప తోమేవాళ్ళు ఏం చేస్తారు? చేతికి బూడిద రాసుకుంటారు. యాంటీబాడీ అంటే ఆ బూడిదే. తొడుగు మీద యాంటీబాడీలు అంటుకుంటే తెల్లకణానికి పట్టు దొరుకుతుంది. టీకా మనకి ముందుగానే బూడిద సిద్ధం చేసి ఉంచుతుంది. న్యుమోనియా చేసే న్యుమోకాకస్‌కి 100కు పైగా రకాల తొడుగులున్నాయి, టీకాలో ఎక్కువ జబ్బు చేసే కొన్ని రకాలు పెడతారు. రెండేళ్ళలోపు పిల్లల శరీరం వట్టి చక్కెర తొడుగుని చూపిస్తే సరిగ్గా నేర్చుకోదు, అందుకే ఆ చక్కెరని ఒక ప్రోటీన్‌కి కట్టి ఇస్తారు, అప్పుడు నేర్చుకుంటుంది. మీ పిల్లల టీకా కార్డులో పీసీవీ అని ఉంటుంది చూడండి, 6 వారాలకి, 14 వారాలకి, 9 నెలలకి. 2021 నుంచి దేశమంతా ప్రభుత్వమే ఉచితంగా వేస్తోంది. ఐదు జబ్బులకి కలిపి వేసే పెంటావాలెంట్‌లో హిబ్ అనేది కూడా ఇలాంటి తొడుగు టీకాయే. మీ ఇంట్లో, మీ వీధిలో ఎవరైనా ఆ 9 నెలల డోసు మరిచిపోయి ఉంటే దయచేసి రేపే అంగన్‌వాడీకో ఆరోగ్య కేంద్రానికో తీసుకెళ్ళమని చెప్పండి.

ఈ న్యుమోకాకస్ తొడుగు వెనకాల పడిన వాళ్ళకే ఇంకో పెద్ద సంగతి దొరికింది. 1928లో లండన్‌లో ఫ్రెడరిక్ గ్రిఫిత్, తొడుగు ఉన్న రకాన్ని వేడికి చంపి, తొడుగు లేక జబ్బు చేయలేని బతికున్న రకంతో కలిపి ఎలుకలకి ఎక్కిస్తే ఎలుకలు చచ్చిపోయాయి, వాటి రక్తంలో తొడుగు ఉన్న బ్యాక్టీరియా బతికి ఉంది. చచ్చినది బతికినదానికి తొడుగు ఎలా ఇచ్చింది? 1944లో న్యూయార్క్‌లో ఏవరీ, మెక్లియోడ్, మెక్‌కార్టీ ముగ్గురూ కలిసి, ఆ ఇచ్చింది డీఎన్ఏ అని తేల్చారు. జన్యువులు డీఎన్ఏతో చేసినవి అని మనకి మొదట తెలిసింది ఒక బ్యాక్టీరియా చొక్కా గురించి వెతుకుతుంటే.

ఇప్పుడు మీ అందరికీ తగిలే విషయం, టైఫాయిడ్. జ్వరం వస్తే వైడాల్ టెస్ట్ చేయించుకోని ఇల్లు ఈ ఊళ్ళో ఉందా? 1896 నాటి పరీక్ష అది. రిపోర్టులో ఓ, హెచ్ అని రెండు వరసలు ఉంటాయి. ఓ అంటే ఎల్‌పీఎస్ చక్కెర తోక, హెచ్ అంటే బ్యాక్టీరియా ఈదడానికి వాడే తోక లాంటి కశాభం. అంటే మీ రక్తంలో టైఫాయిడ్ చొక్కా మీద యాంటీబాడీలు ఉన్నాయా అని మాత్రమే అది చూస్తుంది. ఎప్పుడో తగిలి పోయినా ఉండొచ్చు, దగ్గర చుట్టాలైన వేరే బ్యాక్టీరియా వల్లా ఉండొచ్చు, టీకా వల్లా ఉండొచ్చు. ఒక్కసారి చేసిన వైడాల్ చూసి టైఫాయిడ్ అని తేల్చేయడం తప్పు, ఈ మాట నేను ఎన్నిచోట్ల చెప్పానో లెక్కలేదు, మళ్ళీ చెప్తున్నాను. యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే రక్తం కల్చర్‌కి పంపాలి.

ఒక అబ్బాయి గుర్తున్నాడు నాకు. ఏజెన్సీలో పాడేరు వైపు తిరిగి వచ్చాక జ్వరం. ఒక ల్యాబులో వైడాల్ పాజిటివ్ అన్నారు, వారం రోజులు సెఫ్‌ట్రయాక్సోన్ ఇంజెక్షన్లు చేశారు, జ్వరం తగ్గలేదు, ఇంట్లోవాళ్ళు అప్పులు చేశారు. చివరికి ఒక డాక్టరుగారు నడుము దగ్గర బట్ట తొలగించి చూస్తే సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు. స్క్రబ్ టైఫస్, నల్లి జాతి చిన్న పురుగు కుట్టడం వల్ల వచ్చే జ్వరం. ఆ బ్యాక్టీరియా మన కణాల లోపల దాక్కుని బతుకుతుంది, దాని ఒంటి మీద ఎల్‌పీఎస్ లేదు, గోడ నామమాత్రం. పెన్సిలిన్ చుట్టాలన్నీ గోడ మీద దెబ్బ కొట్టే మందులు కదా, సెఫ్‌ట్రయాక్సోన్ కూడా అదే వంశం, గోడే లేనిచోట ఏం చేస్తుంది? డాక్సీసైక్లిన్ ఇచ్చారు, అది లోపలికి వెళ్ళి ప్రోటీన్ తయారీని ఆపుతుంది. రెండు రోజుల్లో జ్వరం దిగింది. ఖరీదైన ఇంజెక్షన్ ఓడిపోయిన చోట చవక మాత్ర గెలిచింది. దాని ఒంటి మీద ఏముందో ఎవరూ అడగకపోవడం వల్ల ఆ ఇంట్లోవాళ్ళకి ఒక వారం పోయింది.

టైఫాయిడ్ బ్యాక్టీరియాకి వీఐ అనే తొడుగు కూడా ఉంది. అది కింద ఉన్న ఎల్‌పీఎస్‌ని కప్పేస్తుంది, ఇందాక చెప్పిన ప్రమాద ఘంటిక మోగకుండా చేస్తుంది. అందుకే టైఫాయిడ్ మెల్లగా, మెట్లు ఎక్కినట్టు వస్తుంది, ఒక్కసారిగా పడగొట్టదు. ఆ వీఐ తొడుగునే ప్రోటీన్‌కి కట్టి హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ టీకా చేసింది, 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని ఆమోదించింది. ఈ టీకా మన తెలుగు నేల మీద తయారైందని తలచుకుంటే నాకు గర్వంగా ఉంటుంది.

మూత్రంలో ఇన్ఫెక్షన్ గురించి ఒక్క మాట, ఆడవాళ్ళు చాలామంది ఇబ్బంది పడతారు కాబట్టి. అది ఎక్కువగా చేసే ఈ. కోలై అనే బ్యాక్టీరియాకి నూగు కొసన ఒక కొక్కెం ఉంటుంది, మూత్రాశయం గోడ మీద మన్నోజ్ అనే చక్కెరని పట్టుకుంటుంది. మూత్రం ధారగా పోతుంటే కొట్టుకుపోవాలి కదా? ఆ కొక్కెం ఉచ్చు లాంటిది, లాగినకొద్దీ ఇంకా బిగుసుకుంటుంది.

ఇక టీబీ. దీనికి గోడ పైన మైకోలిక్ యాసిడ్స్ అనే పొడుగాటి కొవ్వుల పొర, దాదాపు మైనం. చేమాకు మీద నీళ్ళు నిలవనట్టు దాని మీద మామూలు రంగు నిలవదు, గ్రామ్ స్టెయిన్ సరిగ్గా పట్టదు. కింద మంట పెట్టి వేడిచేసి ఎర్ర రంగుని లోపలికి పట్టించాలి, ఒకసారి పట్టాక సల్ఫ్యూరిక్ యాసిడ్ పోసినా వదలదు. నీలం రంగు నేల మీద సన్నటి ఎర్ర కడ్డీలు, తెమడ పరీక్షలో మేం చూసేది అదే. ఈ మైనం వల్ల అది ఎండిపోయినా తట్టుకుంటుంది, తెల్లకణం మింగినా లోపల బతుకుతుంది, చాలా మందులు లోపలికి పోవు. దాని నిదానం సంగతి కూడా చెప్పాలి. ఈ. కోలై మంచి తిండి దొరికితే 20 నిమిషాలకోసారి రెండవుతుంది, టీబీ బ్యాక్టీరియాకి సుమారు 20 గంటలు పడుతుంది. ఐసోనియాజిడ్ అనే మందు ఆ మైనం తయారీనే ఆపుతుంది, ఇథాంబ్యుటాల్ గోడలో ఇంకో భాగం కట్టుకోకుండా ఆపుతుంది. అది గోడ కట్టుకునే పనిలో ఉన్నప్పుడే ఇవి పనిచేస్తాయి, నిద్రపోతున్నవాటి మీద పనిచేయవు, నిద్రపోయినవి ఎప్పుడు లేస్తాయో తెలియదు, అందుకే మామూలు టీబీకి కూడా ఆరు నెలలు మందు.

హార్బర్ నుంచి వచ్చే ఒకాయన రెండు నెలలు మందు వాడి మానేశాడు. ఎందుకు బాబూ అంటే, "ఏటి మేడమ్, దగ్గు తగ్గిపోనాది కదా, వేటకెళ్ళకపోతే ఇల్లెలా గడుస్తాది" అన్నాడు. ఆయన చెప్పింది అబద్ధం కాదు, దగ్గు తగ్గింది, ఇల్లూ గడవాలి. నేనాయన్ని మైక్రోస్కోప్ దగ్గరికి తీసుకెళ్ళి ఆ ఎర్ర కడ్డీలు చూపించాను. పడవకి తారు పూస్తారు కదా, నీళ్ళు లోపలికి రాకుండా, ఇది కూడా ఒంటికి అలాంటిదే పూసుకుంది, మందు కొంచెం కొంచెంగానే దిగుతుంది అని చెప్పాను. అది ఆయనకి అర్థమైంది, మళ్ళీ మొదలుపెట్టాడు. ఇప్పుడు టీబీ మందు ఉచితం, పోషణకి నిక్షయ్ పోషణ్ అనే ప్రభుత్వ పథకం కింద నెలకి 1000 రూపాయలు కూడా ఇస్తున్నారు, 2024 నవంబర్ దాకా అది 500 ఉండేది. మీకు తెలిసినవాళ్ళకి చెప్పండి.

నాకు బాగా టెన్షన్ పెట్టే విషయం ఒకటి చెప్పి ప్రశ్నలకి వస్తాను. కోలిస్టిన్ అని ఒక మందు, అన్నీ ఓడిపోయాక ఐసీయూలో చివరికి తీసేది. అది గులాబీ రంగు బ్యాక్టీరియా ఎల్‌పీఎస్‌లోని కొవ్వు మొదలుని పట్టుకుని పొరని చింపేస్తుంది. 2015లో చైనాలో ఒక జన్యువు బయటపడింది, అది ఆ కొవ్వుకి చిన్న ముక్క అతికించి మందు అంటకుండా చేస్తుంది. పందుల్లో దొరికింది, మాంసంలో దొరికింది, మనుషుల్లో దొరికింది, ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి సులువుగా పోతుంది. కోళ్ళ మేతలో, చెరువుల్లో ఎదుగుదల కోసమని ఈ మందు వాడుతూ పోతే చివరి ఆశ కూడా పోతుంది. మన దేశంలో 2019లో కోళ్ళకి, ఆక్వా సాగుకి, పశువుల మేతకి దీన్ని నిషేధించారు. రొయ్యల చెరువుల వాళ్ళు మన జిల్లాల్లో వేలమంది ఉన్నారు, నా మాట వినేవాళ్ళు ఎవరైనా ఉంటే, ఏ పేరు మీద అమ్మినా సీసా మీద ఏం రాసి ఉందో చదివి కొనండి, చేతులు జోడించి అడుగుతున్నాను.

అడగండమ్మా. వెనకాల ఆవిడ అడుగుతున్నారు, స్టీలు బిందె లోపల రోజూ కడిగినా జారుడుగా ఉంటుంది, అది కూడా బ్యాక్టీరియాయేనా అని. అవునండీ. అవి జిగురు విడుదల చేసి గుంపుగా అతుక్కుని కట్టుకున్న కాలనీ అది, బయోఫిల్మ్ అంటాం. మీ పళ్ళ మీద పాచి కూడా అదే, పడవల అడుగున పెంకు పురుగులు పట్టకముందు పట్టేదీ అదే. రోగికి పెట్టిన మూత్రం గొట్టం లోపల అది పడితే మందులకి లొంగదు, గొట్టమే మార్చాలి. బిందె సంగతికి వస్తే నీళ్ళు పోసి తిప్పి పారబోస్తే అది కదలదు. పీచుతో, చింతపండుతో గట్టిగా తోమి, ఎండలో బోర్లించాలి.

ఈ బాబు ఏమంటున్నాడు? సబ్బు దేన్ని చంపుతుంది అని. మంచి ప్రశ్న. సబ్బు చేతి మీది జిడ్డుని వదిలించి దాంతోపాటు బ్యాక్టీరియాని కడిగేస్తుంది, కొన్నిటి కొవ్వు పొరని కూడా పాడుచేస్తుంది. అందుకే తొందరగా కాదు, 20 సెకన్లయినా రుద్దాలి.

ఆ మూల టేబుల్ మీద రెండు మైక్రోస్కోప్‌లు పెట్టాం. ఒకదాంట్లో పెరుగు, గ్రామ్ స్టెయిన్ చేసింది, ఊదా రంగులో గొలుసులు గొలుసులుగా కనపడతాయి. రెండోదాంట్లో నా పళ్ళ మీది పాచి, అందులో ఊదా, గులాబీ రెండూ ఉన్నాయి. పిల్లలు ముందు రండి, తోసుకోకండి, కన్ను గాజుకి మరీ ఆనించకండి. ఏది ఏ రంగులో కనపడిందో, ఎందుకో నాకు వచ్చి చెప్పాలి.